సేవవలన వచ్చినదా, సేవలో ముదిరినదా?

గాయము కంటికి కనబడును. తుపాకిగుండు దూసికొనిపోయిన భుజమును, మందుపాతర తీసికొనిపోయిన పాదమును చూపి పింఛను కోరు సైనికునితో వాదమునకు దిగు ప్రభుత్వము ఏ దేశమునను అరుదుగనే యుండును. రక్తమున చక్కెర పెరిగినవాడు ఏమి చూపగలడు? కంఠమునందలి అవటు గ్రంథి మందగించి, మత్తుతో, వాపుతో, చలికి ఓర్వలేక దినములు గడపువాడు ఏమి చూపగలడు? అతనిచేత నున్నది ఒక కాగితము. దానిపై ప్రయోగశాలవారు వేసిన కొన్ని అంకెలు. ఆ అంకెలకును, తాను సరిహద్దున గడపిన సంవత్సరములకును సంబంధము కలదని అతడనును. లేదని వైద్యుల బోర్డు అనును. ఈ వివాదమునకు నూఱేండ్లకు పైబడిన చరిత్ర యున్నది. ఆ చరిత్రయంతయు రెండు మాటల చుట్టు తిరిగినది. వ్యాధి సేవవలన వచ్చినదా యనునది మొదటి మాట. సేవలో ముదిరినదా యనునది రెండవది.

ముందుగా వ్యాధుల సంగతి చూతము. మన దేహమున నాళములు లేకయే తమ రసములను సూటిగా రక్తమున కలుపు గ్రంథులు కొన్ని గలవు. మన పాఠ్యపుస్తకములు వానిని వినాళ గ్రంథులనినవి. ఆ రసములకు హార్మోనులను పేరును 1905లో ఇంగ్లండునందు స్టార్లింగు అను శరీరశాస్త్రవేత్త వాడుకకు తెచ్చెను. 1914లో అమెరికాలో కెండాల్ అవటు గ్రంథినుండి థైరాక్సినును వేఱుచేసెను. 1921లో టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను నిరువురు క్లోమమునుండి ఇన్సులినును రాబట్టిరి. మఱుసటి జనవరిలో అది మొదటిసారి ఒక బాలునికి ఎక్కింపబడెను. ఇందొక విశేషము కలదు. ఈ బాంటింగ్ సైన్యమున వైద్యుడుగా పనిచేసినవాడు. 1918లో ఫ్రాన్సునందలి కాంబ్రే యుద్ధరంగమున గాయపడి శౌర్యపతకము పొందినవాడు.

ఇన్సులినునకు పూర్వము చిన్నవయసున తీవ్రమైన మధుమేహము పట్టినవాడు కొలది యేండ్లకు మించి బ్రదుకుట కష్టము. అట్టివానికి పింఛను ఎంతకాలమని లెక్కవేయు నవసరము ఎవరికిని కలుగలేదు. మందు వచ్చెను, రోగి బ్రదికెను. బ్రదికినవానికి నెలనెలా మందు కావలెను, పథ్యము కావలెను, అతడు చేయదగిన పని కావలెను. పింఛను ప్రశ్న నిజమునకు అప్పుడు పుట్టినది. ప్రాణము నిలిపిన మందే ఖజానాకు ఖర్చును తెచ్చిపెట్టినదని ఏ లెక్కల గుమాస్తాయైనను విసుగుకొనియుండిన, అతనిని మనము తప్పుపట్టవలసిన పనిలేదు.

అవటు గ్రంథి కథ మఱియొక దారిన నడచినది. అమెరికా అంతర్యుద్ధమున పాల్గొన్న సైనికులను పరీక్షించి డకోస్టా అను వైద్యుడు 1871లో ఒక వ్యాసము ప్రకటించెను. గుండెదడ, ఆయాసము, చెమట, నిస్సత్తువ. గుండెను పరీక్షించిన దోషము కనబడదు. దీనికి సైనికుని గుండె యని పేరు వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధమున ఇట్టి రోగులు వేలకొలదిగ ఆసుపత్రులకు వచ్చిరి. ఇది అవటు గ్రంథి అతిగా పనిచేయుటవలననే యని కొందఱు వైద్యులు, కాదని కొందఱు, ఇది పిరికితనమని బయటకు చెప్పక మనసున అనుకొనువారు మఱికొందఱు. థామస్ లూయిస్ 1918లో దీనిపై ఒక గ్రంథమే వ్రాసెను. గ్రంథి రక్తమున వదలు రసమును కొలుచు సాధనము నాడు లేదు. కొలువలేని వ్యాధిని అనుమానించుట తేలిక. సైనికుడు ఆ అనుమానమునకు మూల్యము చెల్లించెను.

ఇక ఆ రెండు మాటల సంగతి. బ్రిటనులో 1916లో పింఛనుల మంత్రిత్వశాఖ ఏర్పడెను. 1917 నాటి రాజశాసనము యుద్ధసేవవలన కలిగిన వ్యాధులతోబాటు, సేవవలన ముదిరిన వ్యాధులకు గూడ పింఛను ద్వారము తెఱచెను. ఈ రెండవ మాట చిన్నదిగ కనబడును గాని దాని విలువ గొప్పది. వ్యాధి బీజము పుట్టుకతోనే యున్నను సరే, యుద్ధపు శ్రమ దానిని మొలకెత్తించినచో, లేక మొలకెత్తినదానిని పెంచినచో, ప్రభుత్వము బాధ్యత వహింపవలెనని దాని యర్థము. ఐనను ఋజువు భారము సైనికునిపైననే యుండెను. రెండవ ప్రపంచయుద్ధమున ప్రజలలో ఆగ్రహము రేగిన పిమ్మట, 1943లో నిబంధనలు మాఱినవి: సైనికుడు ఋజువు చేయనక్కరలేదు, సహేతుకమైన సందేహ మున్నచో దాని ఫలము అతనికే చెందవలెను. ఆ యేడాదియే అప్పీళ్ల ట్రిబ్యునళ్లకు చట్టము చేసిరి. పిమ్మట డెన్నింగ్ అను న్యాయమూర్తి ఇట్టి అప్పీళ్లను విచారించి, సందేహ మనగా ఎంత, ఋజువనగా ఎంత అని తూచి చెప్పిన తీర్పులు ప్రసిద్ధికెక్కినవి. 1947లో మిల్లర్ కేసులో ఆయన చెప్పిన సూత్రమును నేటికిని న్యాయవాదులు ఉదహరింతురు. వింత యేమనగా, ఆ కేసులో పింఛను దొఱకలేదు. అన్నవాహికకు వచ్చిన క్యాన్సరుతో మరణించిన సైనికుని భార్య వేసిన అప్పీలు అది.

ఈ మాటలు సముద్రము దాటి మన దేశమునకును వచ్చినవి. మన కంగ్టి ప్రాంతపు దృష్టితో చూచినచో ఆ రాక కొంత ఆలస్యమే. తెలుగు, కన్నడము, మరాఠీ, లంబాడీ ఒకే సంతలో వినవచ్చు ఈ మూల, మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియు చోటు, 1956 వఱకు బీదరు జిల్లాలోని నారాయణఖేడు తాలూకాకు చెందియుండెను. రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాకును, 2016లో సంగారెడ్డి జిల్లాకును మాఱినది. నిజాము సంస్థానమునకు తన సేన తనకుండెను. మొదటి యుద్ధమున హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా దేశములలో పోరిరి. 1941 డిసెంబరులో జపానువారు మలయాలోని కోటబారు తీరమున దిగినప్పుడు, అచ్చటి విమానాశ్రయపు రక్షణలో హైదరాబాదు సంస్థానపు పదాతిదళ ముండెను. పిదప సింగపూరు పతనముతో వారిలో మిగిలినవారు యుద్ధఖైదీలైరి. 1948 సెప్టెంబరు తరువాత సంస్థానపు సేన రద్దయ్యెను. అటుపై ఈ పల్లెలనుండి సైన్యమున చేరిన కుఱ్ఱవాడు భారతసేనలోనే చేరెను. అతని పింఛను భారతప్రభుత్వపు నిబంధనలకే లోబడెను.

ఆ నిబంధనలలో మూలమైనవి 1961 నాటి సైన్య పింఛను నియమములు. వైకల్యము సేవవలన కలిగినదో, సేవవలన ముదిరినదో కావలెను. అది నూటికి 20 పాళ్లకు తగ్గరాదు. 1982లో అర్హతా నియమములు మఱింత విపులముగ వెలువడినవి. వానిలో మూడు అంశములను మన శ్రోతలు గుర్తుంచుకొనదగును. సైన్యమున చేరునాడు వైద్యపరీక్షలో దోష మేదియు వ్రాయబడనిచో, ఆ మనుష్యుడు ఆరోగ్యవంతుడుగనే చేరినట్లు భావింపవలెను. అర్హతను ఋజువు చేయుమని అతనిని అడుగరాదు; సందేహఫలము అతనిదే, యుద్ధరంగసేవ చేసినవానికి మఱింత ఉదారముగ. మూడవది, చేరునాటి పరీక్షలో ఈ వ్యాధిని కనిపెట్టుట సాధ్యము కాదని వైద్యులు తలచినచో, ఆ తలంపునకు కారణములు వ్రాయవలెను. 1943 నాటి బ్రిటిషు మాటల ప్రతిధ్వని ఇందు స్పష్టముగ వినబడును. కారణములు వ్రాయవలెనను చిన్న షరతు ముప్పదియేండ్ల తరువాత ఎంత పనిచేసెనో ముందు చెప్పెదము.

మచ్చునకు ఒక జవానును ఊహింతము. కంగ్టి దగ్గఱి పల్లెవాడు. పందొమ్మిదవ యేట చేరినాడు. చేరునాడు చక్కెర లేదు, మఱి యే దోషమును లేదు. ఉత్తర సరిహద్దున మంచుకొండలలో కొంతకాలము, ఈశాన్యపు అడవులలో కొంతకాలము పనిచేసినాడు. పదునాలుగవ యేట సికిందరాబాదుకు బదిలీయై వచ్చిన తరువాత సంవత్సరాంతపు పరీక్షలో మధుమేహము బయటపడినది. వైద్యపు తరగతి తగ్గింపబడినది. సర్వీసు ముగియునాడు బోర్డు కూర్చుండి, వైకల్యము నూటికి 20 అనియు, ఐతే ఇది సేవవలన వచ్చినదియు కాదు, సేవలో ముదిరినదియు కాదనియు వ్రాసినది. ఇట్లు వ్రాయుటకు ఆంగ్లమున వాడు నాలుగు మాటల మొదటి అక్షరములు కలిపి, జవానులలో దీనిని 'నానా' యందురు. నానా పడినదా యని ఒకరినొకరు అడిగికొందురు. మధుమేహముతో ఇల్లు చేరినవానికి ఈ పరిభాష తెలుగున గాని మరాఠీలో గాని విడమఱచి చెప్పువారు తక్కువ. కాగితములన్నియు ఆంగ్లమునో హిందీలోనో యుండును. మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో ఈ ఒక్క మాటకు అర్థ మడుగునవి లేకపోలేదు.

బోర్డు చూపు కారణము తఱచు ఒకటే: వ్యాధి శాంతిప్రదేశమున బయటపడినది గనుక సేవకు సంబంధము లేదు. సైన్యవైద్యాధికారుల కొఱకు 2002లో వెలువడి 2008లో సవరింపబడిన మార్గదర్శి ఈ విషయమున కొంత ఉదారమైనదే. రెండవ రకపు మధుమేహము యుద్ధరంగమున, తిరుగుబాటు ప్రాంతములలో, ఎత్తైన పర్వతములపై దీర్ఘకాలపు సేవచే ముదిరినదని అంగీకరింపవచ్చునని యందున్నది. మందులవలన గాని, క్లోమమునకు దెబ్బ తగులుటవలన గాని, మెదడు శస్త్రచికిత్సవలన గాని వచ్చిన మధుమేహమును సేవ కారణముగ వచ్చినదిగనే ఎంచవచ్చును. కాని మధుమేహము గడియారము చూచుకొని బయటపడు వ్యాధి కాదు. అది కొన్నియేండ్లు రక్తమున దాగియుండి తీరికగ వెలికివచ్చును. మంచుకొండలో మొదలైనది సికిందరాబాదులో కనబడుట వింత కాదు. పరీక్ష జరిగిన చోటే పుట్టిన చోటనుట సరియైన తర్కము కాదని మా యభిప్రాయము.

శాస్త్ర మేమి చెప్పుచున్నదని అడుగువారుందురు. ఒత్తిడిలో అధివృక్క గ్రంథులు కార్టిసోలును అధికముగ విడుచుననియు, అది రక్తమున చక్కెరను పెంచుననియు నిస్సందేహముగ తెలిసినదే. ధ్రువప్రాంతములందు నెలల తరబడి నివసించువారిలో అవటు గ్రంథి హార్మోనుల నడక మాఱుట పరిశోధకులు చూచిరి. తలకు దెబ్బతగిలినవారిలో కొందఱికి పీయూష గ్రంథి చెడుటయు తెలిసినదే. పేలుళ్లలో గాయపడిన సైనికుని విషయమున ఇది చిన్న సంగతి కాదు. మఱియొకవంక, మధుమేహము వంశానుగతముగ వచ్చుననుటయు, కూర్చుండి తిని బరువు పెరిగినవానికి వచ్చుననుటయు అంతే నిజము. ఒక్కొక్క మనిషి విషయమున ఇది ఇంత, అది ఇంత అని త్రాసున తూచు శాస్త్రము నేటికిని లేదు. అందువలననే సందేహఫలము ఎవరిదను ప్రశ్న ఇంత ముఖ్యమైనది.

ఈ ప్రశ్న 2013 జూలైలో సుప్రీముకోర్టున తేలినది. ధరంవీర్ సింగ్ కేసుగ అది ప్రసిద్ధము. 1985లో సిగ్నల్సు దళమున చేరి, మూర్ఛవ్యాధితో తొలగింపబడిన సిపాయి కేసు అది. బోర్డు అతని వ్యాధి దేహతత్త్వమునకు సంబంధించినదనెను. కారణము మాత్రము వ్రాయలేదు. చేరునాడు దోషము వ్రాయలేదు, పిదప కారణము వ్రాయలేదు, కావున వ్యాధి సేవలో వచ్చినదే యని న్యాయస్థానము నిర్ణయించెను. మూర్ఛవ్యాధిపై వచ్చిన ఈ తీర్పు మధుమేహమునకు, అవటు గ్రంథి వ్యాధులకు గూడ ఆధారమైనది. ఏలయన ప్రశ్న వ్యాధి పేరునుగూర్చి కాదు, వ్రాయవలసిన కారణమునుగూర్చి. 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసున, వ్యాధి కారణముగ సైన్యమునుండి తొలగింపబడినవాని వైకల్యమును 20 పాళ్లకు పైనే యని ఎంచవలెననిరి. అవటు గ్రంథి రోగులకు ఇది ముఖ్యము. రోజునకొక మాత్రతో సరిపోవు వ్యాధి యని వారి వైకల్యమును 20కి లోపుగ కట్టుట కలదు. లోపు పడినచో చేతికి ఏమియు రాదు.

అదే సంవత్సరము డిసెంబరున రామ్ అవతార్ కేసున వచ్చిన తీర్పు ధనము లెక్కలో పెద్దది. వైకల్యము 50కి లోపైనచో 50గను, 50 మొదలు 75 వఱకైనచో 75గను, అంతకు మించినచో నూఱుగను లెక్కించు పద్ధతి 1996 నుండి కలదు గాని, వ్యాధితో మధ్యలో తొలగింపబడినవారికే దానిని పరిమితము చేసిరి. గడువు ముగించి వచ్చినవారికి గూడ అది చెందునని తీర్పు చెప్పెను. 2006 తరువాతి లెక్కలో నూటికి నూఱు పాళ్ల వైకల్యమునకు చివరి జీతములో 30 వంతులు వైకల్యపు భాగముగ వచ్చును. చివరి జీతము 40,000 రూపాయలనుకొనుడు. నూఱు పాళ్లకు 12,000. 20 పాళ్లకు 2,400. ఆ 20ని 50గ లెక్కించినచో 6,000. కంగ్టి వంటి ఊర ఈ తేడా ఒకరి నెల మందులకు, పిల్లవాని చదువునకు సరిపోవు తేడా.

నిబంధనలు ఒకేదిక్కునకు నడువలేదు. 2008 నాటి అర్హతా నియమములలో, సర్వీసు విడిచిన పదునైదేండ్ల తరువాత కోరిక తెచ్చువానిపై ఋజువు భారము మఱల వేసిరి. 2023 మార్చిలో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆడిటరు జనరలు నివేదిక, వైకల్యపు పింఛనుతో విరమించువారి పాలు జవానులలోకంటె అధికారులలో రెట్టింపునకు మించినదనియు, రక్తపోటు, మధుమేహము వంటి జీవనశైలీ వ్యాధులు అందు పెద్ద కారణమనియు ఎత్తిచూపెను. ఆ యేడాది సెప్టెంబరు 21 నుండి క్రొత్త అర్హతా నియమములు, క్రొత్త వైద్యమార్గదర్శి అమలునకు వచ్చినవి. వ్యాధియున్నను సర్వీసున కొనసాగి విరమించువారి విషయమున వైకల్య మను మాటకు బదులు వేఱొక మాటను, వేఱొక భృతిని తెచ్చిరి. మాజీ సైనికుల సంఘములు నిరసించినవి. పాతవారికి ఇవి వర్తింపవని ప్రభుత్వము చెప్పినది. ఆడిటరు చూపిన అంకెలను కొట్టివేయలేము. పెద్ద హోదాలోనివాడు కార్యాలయపు కుర్చీలో తెచ్చుకొన్న చక్కెరకు ప్రజాధనము ఖర్చు కారాదనుట న్యాయమే. ఐతే ఆ కుర్చీని చూచి బిగించిన తలుపు, మంచుకొండనుండి దిగివచ్చిన సిపాయికి గూడ మూసికొనుట మాకు సమ్మతము కాదు.

అమెరికావారు ఇదే చిక్కును మఱియొక విధమున విప్పుకొనిరి. 1962 మొదలు 1971 వఱకు వియత్నాము అడవులపై ఆకురాల్చు మందును విమానములనుండి చల్లిరి. పీపాలకు నారింజరంగు పట్టీ యుండుటచే ఏజెంటు ఆరెంజి యని పేరు వచ్చెను. 1991 నాటి చట్టము ప్రకారము ఒక జాబితా చేసిరి. వియత్నామున పనిచేసినవానికి జాబితాలోని వ్యాధి యున్నచో, అది సేవవలన వచ్చినదనియే భావింతురు. 2001లో రెండవ రకపు మధుమేహము ఆ జాబితాకెక్కెను. అవటు గ్రంథి మందగించుట 2021 జనవరిలో గాని ఎక్కలేదు. యుద్ధము ముగిసి నలువదియైదేండ్లు దాటిన తరువాత. జాబితా పద్ధతిలో వ్యక్తికి వాదన బాధ లేదు, కాని తన వ్యాధి పేరు ఎక్కువఱకు బ్రదికియుండుట అతని వంతు.

మన దేశమున మార్గము ఇట్లున్నది. బోర్డు నిర్ణయముపై ఆరు నెలలలో మొదటి అప్పీలు, దానిపై రెండవది. పిమ్మట సాయుధదళముల ట్రిబ్యునలు. 2007 నాటి చట్టముచే ఏర్పడి, 2009 నుండి పనిచేయుచున్నది. తెలంగాణము చెన్నై ధర్మాసనపు పరిధిలోనిది. కంగ్టినుండి చెన్నైకి ఎంత దూరమో, ఒక్క వాయిదాకు ఎంత ఖర్చో లెక్కవేసికొన్నచో, హక్కు కాగితముపై నుండుట వేఱు, చేతికందుట వేఱని తెలియును. ఆలస్యమైనవారు గూడ నిరాశ చెందనక్కరలేదు. నెలనెలా రావలసిన పింఛను రాకుండుట నిత్యము కొనసాగు అన్యాయమని 2008లో తర్సేం సింగ్ కేసున సుప్రీముకోర్టు చెప్పినది. బకాయి మాత్రము సాధారణముగ మూడేండ్లకు మించి రాదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఒక మధుమేహపు కేసున, శాంతిప్రదేశమున బయటపడినదను ఒక్క మాట చాలదనియు, సేవ కారణము కానిచో మఱేమి కారణమో బోర్డు చెప్పవలెననియు తీర్పిచ్చినది.

కావున ఇట్టివారు మొదట సంపాదింపవలసినవి రెండు కాగితములు. సైన్యమున చేరునాటి వైద్యపరీక్షాపత్రము ఒకటి. విరమించునాటి బోర్డు నిర్ణయపు పూర్తి ప్రతి రెండవది. సారాంశపు ఉత్తరము చాలదు, కారణములు వ్రాయవలసిన గడియున్న పుట కావలెను. ఇవి తమవద్ద లేనివారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా తమ రికార్డు ఆఫీసునకు వ్రాయవచ్చును. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రిందను అడుగవచ్చును. ఆ పుట చేతికి వచ్చిన తరువాత, కారణముల గడిలో ఏమున్నదో ఆంగ్లము తెలిసినవారిచేత చదివించుకొనవలెను. అందు ఒక్క వాక్యమే యున్నదా, అదియును లేదా యనుటపైననే అప్పీలు నిలుచును.